షెల్ఫ్‌లో 24 డిస్కులు, లినక్స్‌కు కనిపించేది సున్నా

పదేళ్లు దాటిన రాక్ సర్వర్ మీద లినక్స్ ఎక్కించడం పెద్ద పనేమీ కాదు. దానికి బయట డిస్క్ షెల్ఫ్ తగిలించినప్పుడే అసలు తంటా మొదలవుతుంది. ఇన్‌స్టాలర్ ఒక్క డిస్కూ చూపించదు. లేదంటే ఉన్నవాటికి రెట్టింపు చూపిస్తుంది. ఒక్కోసారి అన్నీ సజావుగా అయిపోయి, తీరా రీబూట్ కొట్టాక మెషిన్ లేవదు. అప్పుడు చాలామంది డిస్ట్రో మార్చి చూస్తారు. డెబియన్ తీసేసి ఉబుంటు, అది తీసేసి ఆల్మా. అయినా అదే వరస, ఎందుకంటే తప్పు సాధారణంగా డిస్ట్రోలో ఉండదు. కార్డు, దాని ఫర్మ్‌వేర్, కేబుల్, షెల్ఫ్ కంట్రోలర్, డిస్కు సెక్టార్ సైజు... ఈ గొలుసులో ఏదో ఒక లంకె తెగి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఇన్‌స్టాలర్ గురించి తక్కువ, దానికి ముందూ వెనకా చేయాల్సిన పని గురించి ఎక్కువ రాస్తున్నాను. కమాండ్లు తెలుగు లిపిలోనే ఉన్నాయి, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

ఆ పెట్టె ఏ జాతిదో తేల్చుకోండి

బయటి డిస్కు పెట్టెలు చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, కానీ రెండు జాతులు. మొదటిది ఉత్త షెల్ఫ్, అంటే జేబీఓడీ. లోపల ఎస్‌ఏఎస్ (సర్వర్ డిస్కులను కలిపే పద్ధతి) ఎక్స్‌పాండర్, అంటే ఒక కేబుల్‌ను చాలా డిస్కులకు పంచే చిప్, ఫ్యాన్లు, పవర్ సప్లైలు తప్ప బుర్ర ఉండదు. డెల్ ఎండీ1000, ఎండీ1200, ఎండీ1220, హెచ్‌పీ డీ2600, డీ2700, నెట్‌యాప్ డీఎస్4243, డీఎస్4246 ఈ కోవలోవి. నెట్‌యాప్ పేరు చూసి భయపడనక్కర్లేదు. దాని తెలివంతా హెడ్ అనే విడి కంట్రోలర్ పెట్టెలో ఉంటుంది, షెల్ఫ్ మామూలు ఎస్‌ఏఎస్ షెల్ఫే.

రెండోది సొంత రెయిడ్ (చాలా డిస్కులను కలిపి ఒకటిగా చూపే పద్ధతి) కంట్రోలర్లున్న పెట్టె. డెల్ ఎండీ3000, ఎండీ3200, హెచ్‌పీ పీ2000, ఐబీఎం డీఎస్3500 లాంటివి. వీటిలోని డిస్కులు లినక్స్‌కు ఎప్పటికీ నేరుగా కనిపించవు. పెట్టె లోపలే వాల్యూమ్ చేసి హోస్ట్‌కు కేటాయిస్తేనే అది ఒక లన్‌గా, అంటే ఒక డిస్కులా వస్తుంది. దీనికి జేబీఓడీ సూత్రాలు వర్తింపజేసి గంటలు పోగొట్టుకోవద్దు. ఎండీ3200, డీఎస్3500 వంటి వాటితో ఇంకో మెలిక ఉంది. ఒక వాల్యూమ్‌కు ఒక కంట్రోలరే యజమాని, రెండో కంట్రోలర్ దారిలో చదవబోతే ఐ/ఓ ఎర్రర్ వస్తుంది. ఎస్‌సీఎస్‌ఐ_డీహెచ్_ఆర్‌డీఏసీ అనే మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే ఫైళ్ల మూటలో) లేకపోతే బూట్‌లో ఆ ఎర్రర్లు వరసగా పారుతూ నిమిషాలు తినేస్తాయి. డిస్కు చెడిపోయిందేమోనని కంగారు పుడుతుంది. డిస్కుకేమీ కాలేదు, రెండో తలుపు తడుతోందంతే. ఇక్కడి నుంచి ఉత్త షెల్ఫ్ సంగతే చూద్దాం.

కార్డు

షెల్ఫ్‌కు కావలసింది రెయిడ్ కార్డు కాదు, హెచ్‌బీఏ. డిస్కును ఉన్నదున్నట్టు ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించే కార్డు. ఎల్‌ఎస్‌ఐ ఎస్‌ఏఎస్2008 చిప్ ఉన్న 9200-8ఈ, ఎస్‌ఏఎస్2308 ఉన్న 9207-8ఈ, ఎస్‌ఏఎస్3008 ఉన్న 9300-8ఈ, ఈ మూడింట్లో ఏది దొరికినా పని జరుగుతుంది. హెచ్‌పీ హెచ్221 కూడా 2308 కార్డే, పేరు వేరు. వీటన్నిటికీ డ్రైవర్ ఒక్కటే, ఎంపీటీ3ఎస్‌ఏఎస్. పాత ఎంపీటీ2ఎస్‌ఏఎస్ అందులోనే కలిసిపోయింది.

ఇంకా పాతదైన ఎస్‌ఏఎస్1068ఈ చిప్ కార్డులు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. 2 టీబీ దాటిన డిస్కులు వాటికి పనికిరావు, 4 టీబీ డిస్కు పెట్టినా 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. ఫర్మ్‌వేర్ మారిస్తే పోయే జబ్బు కాదది.

హెచ్‌పీ పీ410, పీ411 లాంటి స్మార్ట్ ఎర్రే కార్డులకు హెచ్‌బీఏ మోడ్ లేదు. ఒక్కో డిస్కునూ ఒక్కో రెయిడ్ 0గా చేసి బయటికి పంపాలి. పని చేస్తుంది కానీ నాకు నచ్చని ఏర్పాటు. డిస్కు పోయి కొత్తది పెట్టిన ప్రతిసారీ ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ (హెచ్‌పీ రెయిడ్ కార్డుల కమాండ్ టూల్) లోకి వెళ్లి లాజికల్ డ్రైవ్ మళ్లీ చేయాలి. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలకు స్మార్ట్‌సీటీఎల్‌కు -డీ సీసీఐఎస్‌ఎస్,ఎన్ అని నంబరుతో చెప్పాలి. పైగా ఆ కార్డు చచ్చిపోతే డిస్కులు తీసి వేరే హెచ్‌బీఏ మీద పెట్టి సులువుగా చదివేసే వీలుండదు.

ఎల్‌ఎస్‌ఐ కార్డు వచ్చాక చూడాల్సింది ఫర్మ్‌వేర్. ఐటీ, ఐఆర్ అని రెండు రకాలుంటాయి. ఐఆర్‌లో కార్డు కూడా కాస్త రెయిడ్ చేస్తుంది, మనకు కావలసింది ఐటీ. ఎస్‌ఏఎస్2008, 2308 కార్డులకు ఆఖరి వరస పీ20. అందులో తొలి విడుదలలు డేటా తప్పులతో చెడ్డపేరు తెచ్చుకున్నాయి, 20.00.07.00 దగ్గర కుదుటపడింది. బూట్ అయ్యాక డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) ఎఫ్‌డబ్ల్యూవెర్షన్ అని కార్డే చెబుతుంది. 20.00.00.00 అని ఉంటే షెల్ఫ్ తగిలించకముందే మార్చేయండి.

ఫ్లాష్ చేయడానికి ఎస్‌ఏఎస్2ఫ్లాష్. ముందు -లిస్ట్‌ఆల్ కొట్టి కార్డు కనబడుతోందో లేదో చూసి, తర్వాత -సీ 0 -లిస్ట్ ఇచ్చి ఎస్‌ఏఎస్ అడ్రస్ కాగితం మీద రాసుకోండి. 16 అంకెల ఆ అడ్రస్ కార్డు మీద స్టిక్కర్‌లోనూ ఉంటుంది. ఐఆర్ నుంచి ఐటీకి మారడానికి ఫ్లాష్ చెరిపితే (-ఓ -ఈ 6) అడ్రస్ కూడా పోయే అవకాశం ఉంది, అప్పుడు -ఓ -ఎస్‌ఏఎస్‌యాడ్‌తో మళ్లీ ఎక్కించాలి. చెరిపాక కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కేదాకా రీబూట్ చేయకూడదు. చేస్తే కార్డు ఇటుకే, ఇక పలకదు.

ఇంకో వెసులుబాటు: ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రం ఎక్కించి, బూట్ రోమ్ ఫైలు (-బీ తర్వాత ఇచ్చేది) వదిలేయొచ్చు. షెల్ఫ్ మీది డిస్కు నుంచి బూట్ చేయనప్పుడు ఆ రోమ్ అవసరమే లేదు. అది ఉంటే ప్రతి బూట్‌లోనూ 24 డిస్కులను ఒక్కొక్కటే పలకరిస్తూ కూర్చుంటుంది. పాత బయోస్‌లలో ఆప్షన్ రోమ్‌కు (కార్డులు బూట్‌లో నడిపే కోడ్‌కు) చోటు కూడా తక్కువ. రెండు నెట్‌వర్క్ కార్డులు, లోపలి రెయిడ్ కార్డు, ఈ హెచ్‌బీఏ అన్నీ చోటు అడిగితే ఏదో ఒకటి లోడ్ కాదు. అది లోపలి రెయిడ్ కార్డుదైతే బూట్ డిస్కే మాయమవుతుంది.

డెల్ సర్వర్లలో లోపలి స్టోరేజ్ స్లాట్ అని ప్రత్యేకంగా ఉంటుంది. అందులో ఎల్‌ఎస్‌ఐ పేరుకు మార్చేసిన కార్డు పెడితే, చెల్లని కార్డు ఉందంటూ బూట్ అక్కడే ఆగిపోతుంది. కార్డు మంచిదే, దాన్ని మామూలు పీసీఐఈ స్లాట్‌లో పెడితే సరి.

కేబుల్, పవర్

బయటి ఎస్‌ఏఎస్ కనెక్టర్లు తరానికొకటి. ఎండీ1000 మీద ఎస్‌ఎఫ్‌ఎఫ్-8470, 6 గిగాబిట్ తరం కార్డుల మీదా ఎండీ1200 మీదా ఎస్‌ఎఫ్‌ఎఫ్-8088, 12 గిగాబిట్ కార్డుల మీద ఎస్‌ఎఫ్‌ఎఫ్-8644. నెట్‌యాప్ షెల్ఫ్ మీద క్యూఎస్‌ఎఫ్‌పీ ఉంటుంది. అందుకని నెట్‌వర్క్ కోసం వాడే రెండు వైపులా క్యూఎస్‌ఎఫ్‌పీ ఉన్న కేబుల్ కొంటే హెచ్‌బీఏ వైపు దూరదు. కావలసింది క్యూఎస్‌ఎఫ్‌పీ నుంచి 8088కు, లేదా కార్డును బట్టి 8644కు వెళ్లే కేబుల్. షెల్ఫ్ వెనక రెండు పోర్టులుంటాయి, ఒకదాని పక్కన చదరం గుర్తు, రెండోదాని పక్కన వృత్తం. సర్వర్ నుంచి వచ్చే కేబుల్ చదరంలోకి. వృత్తం తర్వాతి షెల్ఫ్‌కు వెళ్లే దారి.

ఎండీ1000 ముందు వైపు చిన్న స్విచ్ ఉంటుంది. స్ప్లిట్ వైపు ఉంటే 15 డిస్కులు 7, 8గా చీలి చెరో కంట్రోలర్‌కు పోతాయి. సగం డిస్కులే కనిపిస్తున్నాయని మొత్తుకునేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే. మార్చేటప్పుడు పవర్ ఆపి మార్చండి.

పవర్ ఇచ్చే వరస: ముందు షెల్ఫ్, ఒకటి రెండు నిమిషాలాగి సర్వర్. ఆపేటప్పుడు తిరగేసి, ముందు సర్వర్, తర్వాత షెల్ఫ్. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. 24 డిస్కులూ ఒక్కసారే లేస్తే సప్లై తట్టుకోదు కాబట్టి షెల్ఫ్ వాటిని విడతలుగా లేపుతుంది. ఈ ఆలస్యం తర్వాత బూట్‌లో ఎలా కొడుతుందో కింద చెబుతాను.

ఎక్కించే ముందు సర్వర్‌లో

బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చేయండి. పాత సర్వర్లలో అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రాలేదని ప్యాకేజీల డౌన్‌లోడ్ విఫలమవుతుంది, మనం నెట్‌వర్క్ వైర్లు పీకి పెడుతూ ఉంటాం.

ప్రాసెసర్ ఏ తరందో చూసుకుని డిస్ట్రో ఎంచుకోండి. రెడ్‌హ్యాట్ 9కి ఎక్స్86-64-వీ2 (ప్రాసెసర్ సూచనల ఒక స్థాయి) కావాలి. జియాన్ 5500, 5600 నుంచి అది ఉంది, 5400 వరసకు లేదు. రెడ్‌హ్యాట్ 10కి వీ3 కావాలి, అంటే హాస్‌వెల్ తరం. ఈ5-2600 వీ1, వీ2 కూడా దానికి సరిపోవు. రెడ్‌హ్యాట్‌కు అనుకూలంగా తయారయ్యే ఆల్మా 10 మాత్రం వీ2 కోసం విడిగా బిల్డ్ ఇస్తోంది. డెబియన్ 12, 13కి ఈ గొడవే లేదు.

ప్రాసెసర్ సరిపోయినా డ్రైవర్ దగ్గర ఇంకో గండం. రెడ్‌హ్యాట్‌లో ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్ ఉంది కానీ 8వ వెర్షన్ నుంచి అందులోని ఎస్‌ఏఎస్2008 గుర్తింపు సంఖ్య, 1000:0072, తీసేశారు. ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్ కొడితే కార్డు కనిపిస్తుంది, డ్రైవర్ లోడ్ అయినట్టే ఉంటుంది, డిస్కులు మాత్రం ఉండవు. కార్డు పోయిందని పారేసేది ఇక్కడే. ఇఎల్‌రెపో వాళ్ల డ్రైవర్ డిస్క్ ఇమేజ్‌ను ఓఈఎమ్‌డీఆర్‌వీ అనే లేబుల్‌తో రెండో యూఎస్‌బీలో పెడితే ఇన్‌స్టాలర్ దానంతటదే తీసుకుంటుంది. లేదా బూట్ లైనులో ఇన్‌స్ట్.డీడీ అని చేర్చండి. ఆల్మా 9.4 నుంచి ఇలా తీసేసిన పాత పరికరాల్లో చాలావాటిని తిరిగి చేర్చింది. నన్నడిగితే ఈ తరం సర్వర్ల మీద డెబియనే సుఖం. 12వ వెర్షన్ నుంచి నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ కూడా ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది కాబట్టి బ్రాడ్‌కామ్ బీఎన్‌ఎక్స్2 నెట్‌వర్క్ చిప్ కోసం, క్యూలాజిక్ ఫైబర్ ఛానల్ కార్డు కోసం వేరే యూఎస్‌బీలో ఫైళ్లు మోసుకెళ్లే రోజులు పోయాయి.

యూఎస్‌బీ నుంచి బూట్ కాకపోతే బయోస్‌లో యూఎస్‌బీ ఎమ్యులేషన్ అనే అంశం చూడండి. కొన్ని డెల్ మోడళ్లలో ఆటో అని ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఫ్లాపీగా భావిస్తుంది, హార్డ్ డిస్క్ అని మార్చాలి. కెర్నల్ లోడ్ అయ్యాక తెర నల్లబడితే బూట్ లైనులో నోమోడ్‌సెట్ చేర్చండి. లేదా తెర సంగతే వదిలేసి సీరియల్ కన్సోల్ మీద పని కానివ్వండి: కన్సోల్=టీటీవైఎస్1,115200ఎన్8 అని బూట్ లైనులో ఇచ్చి, ఇంకో మెషిన్ నుంచి ఐపీఎమ్‌ఐటూల్ -ఐ ల్యాన్‌ప్లస్ తో సోల్ (నెట్‌వర్క్ మీద సీరియల్) యాక్టివేట్. డెల్‌లో సాధారణంగా రెండో పోర్టు, అంటే ఎస్1. పాత మేనేజ్‌మెంట్ కార్డుల జావా కన్సోల్‌తో కుస్తీ పట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఇన్‌స్టాల్

ఇక్కడ సూత్రం ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు షెల్ఫ్ కేబుల్ పీకేసి ఉండాలి. సిస్టమ్ లోపలి డిస్కు మీదే, లేదా లోపలి రెయిడ్ కార్డు మీద చేసిన చిన్న మిర్రర్ మీదే ఉండాలి. కేబుల్ ఉంచి చేస్తే ఎస్‌డీఏ అనేది షెల్ఫ్‌లోని మొదటి డిస్కు కావచ్చు, బూట్‌లోడర్ గ్రబ్ వెళ్లి దాని మీద కూర్చుంటుంది. షెల్ఫ్ ఆపిన రోజు సర్వర్ కూడా లేవదు.

పాత మెషిన్లలో యూఈఎఫ్‌ఐ ఉన్నా నేను లెగసీ బయోస్‌కే ఓటేస్తాను, 2012కి ముందరి యూఈఎఫ్‌ఐ అమలు అంత నమ్మదగ్గది కాదు. పార్టిషన్ టేబుల్ జీపీటీ పెట్టి, మొదట్లో 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ (బయోస్_గ్రబ్ ఫ్లాగ్) ఇవ్వండి. అది లేకపోతే జీపీటీ డిస్కు మీద గ్రబ్ తన రెండో మెట్టు పెట్టుకోవడానికి చోటుండదు. మిగతా ఇన్‌స్టాల్ ఏ మెషిన్ మీదైనా ఒకటే.

సిస్టమ్ లేచాక ఎస్‌జీ3_యూటిల్స్, ఎల్‌ఎస్‌స్కజీ, స్మార్ట్‌మాన్‌టూల్స్, ఎస్‌డీపార్మ్, లెడ్‌మాన్ వేసుకుని మెషిన్ ఆపి, షెల్ఫ్ కేబుల్ తగిలించి, పైన చెప్పిన వరసలో పవర్ ఇవ్వండి.

520 బైట్ల గండం

ఇప్పుడు ఎల్‌ఎస్‌స్కజీ -జీ కొట్టండి. డిస్కులన్నీ వరసగా వచ్చి, చివర్లో ఎన్‌క్లోజర్ అని ఒకటి రెండు లైన్లు ఉండాలి. ఎన్‌క్లోజర్ లైను ఉండి డిస్కులు లేకపోతే కేబుల్, కార్డు బాగున్నట్టే, సమస్య డిస్కులదీ ట్రేలదీ. ఎన్‌క్లోజర్ కూడా లేకపోతే కేబుల్ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

డిస్కులు లిస్టులో ఉన్నాయి కానీ ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సైజు 0 అని ఉంటే, డీమెసేజ్‌లో ‘అన్‌సపోర్టెడ్ సెక్టార్ సైజ్ 520’ అన్న మాట కోసం వెతకండి. నెట్‌యాప్, ఈఎంసీ వంటి స్టోరేజ్ నుంచి వచ్చిన ఎస్‌ఏఎస్ డిస్కులు సెక్టార్‌కు 512 బదులు 520 బైట్లతో ఫార్మాట్ అయి ఉంటాయి. అదనపు 8 బైట్లలో ఆ స్టోరేజ్ తన చెక్‌సమ్ పెట్టుకుంటుంది. లినక్స్ బ్లాక్ లేయర్‌కు ఆ సైజు అర్థం కాదు, అందుకే సామర్థ్యం సున్నా. డిస్కు చెడిపోలేదు.

మందు లో-లెవల్ ఫార్మాట్. అందులో ఉన్నదంతా పోతుంది, వేరే చెప్పాలా.

ఎస్‌జీ_ఫార్మాట్ --ఫార్మాట్ --సైజ్=512 --ఎఫ్‌ఎమ్‌టీపీఇన్ఫో=0 /డెవ్/ఎస్‌జీ5

ఎస్‌డీ పేరు కాదు, ఎస్‌జీ పేరు ఇవ్వండి. ఎంటర్ కొట్టాక 15 సెకన్లు, 10, 5 అని లెక్కపెడుతూ వెనక్కి తగ్గడానికి అవకాశమిస్తుంది. ఆ గడువులో డిస్కు సీరియల్ నంబరు ఇంకోసారి సరిచూసుకోండి. తర్వాత నిమిషానికోసారి శాతం చూపిస్తుంది. డిస్కు ఉపరితలమంతా రాస్తుంది కాబట్టి సమయం సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. 600 జీబీ డిస్కుకు ఒకటి రెండు గంటలు, 4 టీబీ డిస్కుకు పూట దాటుతుంది. పని చేసేది డిస్కే, సర్వర్ కాదు. అందుకని 24 డిస్కులకూ ఒకేసారి మొదలుపెట్టినా ఒక్కదానికి పట్టినంతసేపే పడుతుంది. --ఎర్లీ అని చేరిస్తే కమాండ్ వెంటనే తిరిగొచ్చేస్తుంది, ఎస్‌జీ_టర్స్ --ప్రోగ్రెస్ తో ఎంతవరకు వచ్చిందో అడగొచ్చు.

ఈలోగా కరెంటు పోతే డిస్కు సగం ఫార్మాట్‌తో మిగిలి, ఏం చదవమన్నా ఫార్మాట్ పాడైందని బదులిస్తుంది. చాలామంది దాన్ని పోయిన డిస్కు కింద లెక్కేస్తారు. అదే కమాండ్ మొదటినుంచి ఇస్తే చాలా వరకు తిరిగొస్తుంది. ఫార్మాట్ 0 శాతం దగ్గరే గంటల తరబడి కదలకపోయినా, ఒక స్థాయికి వచ్చి ఎర్రర్ ఇచ్చి మళ్లీ అక్కడే ఆగినా ఆ డిస్కును వదిలేయండి.

512 అని చూపిస్తూనే చదవడానికి మొరాయించే డిస్కులు కూడా కొన్ని ఉంటాయి. టీ10 ప్రొటెక్షన్ టైప్ 2తో (సెక్టార్‌కు అదనపు చెక్ బైట్లు చేర్చే పద్ధతి) ఫార్మాట్ అయినవి. ఎస్‌జీ_రీడ్‌క్యాప్ --లాంగ్ కొడితే ప్రొటెక్షన్ ఎనేబుల్ పక్కన 1 ఉంటుంది. పై కమాండ్‌లోని ఎఫ్‌ఎమ్‌టీపీఇన్ఫో=0 దాన్నే తీసేస్తుంది.

డిస్కు మంచిదో కాదో

సైజు వచ్చింది కదా అని వెంటనే రెయిడ్ కట్టొద్దు. స్మార్ట్‌సీటీఎల్ -ఏ ఇస్తే ఎస్‌ఏఎస్ డిస్కులో శాటా (మామూలు కంప్యూటర్ డిస్కుల పద్ధతి) పట్టిక ఉండదు, వేరే రూపంలో వస్తుంది. అందులో రెండు చోట్ల చూడండి. ‘ఎలిమెంట్స్ ఇన్ గ్రోన్ డిఫెక్ట్ లిస్ట్’ అనేది వాడకంలో పాడై పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. సున్నా మేలు, పదుల్లో ఉంటే గమనిస్తూ ఉండాలి, పరీక్షకు ముందూ వెనకా పెరిగితే తీసేయాలి. ఎర్రర్ కౌంటర్ పట్టికలో సరిచేయలేని ఎర్రర్ల వరస కూడా సున్నానే ఉండాలి. సరిచేసిన ఎర్రర్లు లక్షల్లో ఉన్నా బెదరొద్దు, కొన్ని తయారీలు ప్రతి చిన్న ఈసీసీ దిద్దుబాటునూ లెక్కేస్తాయి.

తర్వాత స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్ ఒక రాత్రి, బ్యాడ్‌బ్లాక్స్ -బీ 4096 -డబ్ల్యూఎస్‌వీ ఇంకో రెండు మూడు రోజులు. -బీ 4096 మరవద్దు, చిన్న బ్లాకులతో పెద్ద డిస్కుకు లెక్క చాలక ఆగిపోతుంది.

ఇదే పరీక్ష కేబుల్‌ను కూడా బయటపెడుతుంది. డిస్కులన్నీ ఒకేసారి రాస్తున్నప్పుడు /సిస్/క్లాస్/ఎస్‌ఏఎస్_ఫై కింద ఒక్కో ఫై (ఒక లేన్ కొస) డైరెక్టరీలో ఇన్‌వాలిడ్_డీవర్డ్_కౌంట్, లాస్_ఆఫ్_డీవర్డ్_సింక్_కౌంట్ ఫైళ్లు చూడండి. పవర్ ఇచ్చినప్పుడు కొంత అంకె పడడం మామూలే, తర్వాత అది కదలకూడదు. ఒక కేబుల్‌లోని నాలుగు లేన్లలో ఒక్కదాని అంకె మాత్రమే పెరుగుతూ ఉంటే ఆ కేబుల్ కొస ఊడిందో మురికి పట్టిందో అనుకోండి. అన్నిటిదీ పెరుగుతుంటే కేబుల్‌తో పాటు షెల్ఫ్ కంట్రోలర్‌నూ అనుమానించండి. అక్కడే నెగోషియేటెడ్_లింక్‌రేట్ అనే ఫైలు లేన్ వేగం చెబుతుంది. 6 గిగాబిట్ అనుకున్న షెల్ఫ్ 3 గిగాబిట్ చూపిస్తే, డీఎస్4246లో ఎవరో పాత 3 గిగాబిట్ ఐఓఎమ్3 కంట్రోలర్ పెట్టి ఉండొచ్చు. నాలుగు లేన్లు 6 గిగాబిట్ చొప్పున అయితే సెకనుకు 2.4 గిగాబైట్లు, 3 అయితే 1.2. ఎన్‌కోడింగ్ పోగా మిగిలే పైహద్దు అది, వాడకంలో ఇంకాస్త తక్కువే వస్తుంది.

డిస్కులు రెట్టింపైతే

షెల్ఫ్‌లో రెండు కంట్రోలర్లు, రెండు కేబుళ్లు ఉంటే ప్రతి ఎస్‌ఏఎస్ డిస్కూ రెండు దారుల్లో వచ్చి రెండుసార్లు కనిపిస్తుంది. 12 డిస్కుల షెల్ఫ్‌కు 24 పేర్లు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,డబ్ల్యూడబ్ల్యూఎన్,సీరియల్ కొడితే ఎస్‌డీబీకీ ఎస్‌డీఎన్‌కూ ఒకే డబ్ల్యూడబ్ల్యూఎన్ (ప్రతి డిస్కుకూ ఉండే ప్రత్యేక సంఖ్య), ఒకే సీరియల్ ఉంటాయి. ఇది గమనించకుండా ఆ రెండింటినీ రెయిడ్‌లో వేరువేరు డిస్కులుగా ఇచ్చేస్తే, పైకి రెండు కాపీలు, నిజానికి ఒకే పళ్లెం మీద ఒకదాన్నొకటి తుడిచేసే రాతలు.

రెండు దారులూ కావాలంటే రెండు పేర్లనూ ఒకటిగా కలిపే మల్టీపాత్-టూల్స్ వేసి (రెడ్‌హ్యాట్ వైపు ఎంపాత్‌కాన్ఫ్ --ఎనేబుల్), ఆపైన /డెవ్/మ్యాపర్ కింది పేర్లే వాడాలి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టాలి. ఒకే సర్వర్, ఒకే హెచ్‌బీఏ ఉన్నచోట నా సలహా మాత్రం వేరు. ఒక్క కేబుల్ ఉంచి రెండోది పీకేయండి. తిరిగే డిస్కులు 12 ఉన్న షెల్ఫ్‌కు ఒక దారి వేగం చాలు, దాంతో ఒక పొర క్లిష్టత తగ్గుతుంది. శాటా డిస్కులకు ఎలాగూ ఒకటే పోర్టు. ట్రేలో ఇంటర్‌పోజర్ అనే చిన్న బోర్డు ఉంటేనే రెండో దారి, అది లేకపోతే రెండో కంట్రోలర్ వైపు నుంచి శాటా డిస్కు కనిపించదు. కొన్ని డిస్కులు ఒక్కోసారీ కొన్ని రెండేసిసార్లూ వస్తున్నాయంటే ఈ కలగూరగంపే కారణం.

పాత గుర్తులు, రాత కాష్

రెయిడ్ కార్డుల కింద బతికిన డిస్కుల చివర్లో డీడీఎఫ్ అనే గుర్తు మిగిలి ఉంటుంది. బూట్‌లో ఎవరూ అడక్కుండానే ఎండీ127 అని ఒక సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేచి కూర్చుంటే అదే. మొదటి 100 ఎంబీ డీడీతో తుడిచినా పోదు, ఉన్నది చివర్లో కాబట్టి. ముందు ఎండీఏడీఎమ్ (లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ టూల్) --స్టాప్ ఇచ్చి, తర్వాత వైప్‌ఎఫ్‌ఎస్ -ఏ.

స్టోరేజ్ నుంచి వచ్చిన డిస్కుల్లో రాత కాష్ చాలావరకు ఆపేసి ఉంటుంది. చదవడం సెకనుకు 150 ఎంబీ వచ్చి, రాయడం ఈడుస్తూ ఉంటే ఎస్‌డీపార్మ్ --గెట్=డబ్ల్యూసీఈ చూడండి. 0 ఉంటే --సెట్=డబ్ల్యూసీఈ --సేవ్. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లు అవసరమైన చోట ఫ్లష్ పంపుతాయి కాబట్టి నేరుగా హెచ్‌బీఏ మీదున్న డిస్కుకు ఇది చేసుకోవచ్చు.

రెయిడ్ కట్టాక బూట్

12 డిస్కుల షెల్ఫ్‌లో 11 వేసి రెయిడ్ 6, ఒకటి స్పేర్. వయసు మళ్లిన డిస్కులతో రెయిడ్ 5 నేనైతే కట్టను. ఒకటి పోయి రీబిల్డ్ అయ్యే గంటల్లో మిగతావన్నీ పూర్తిగా చదవాలి, రెండోది మొరాయించేది సరిగ్గా అప్పుడే. కట్టేటప్పుడు ఎస్‌డీ పేర్లు కాకుండా /డెవ్/డిస్క్/బై-ఐడీ కింది డబ్ల్యూడబ్ల్యూఎన్ పేర్లివ్వండి. కట్టాక ఎండీఏడీఎమ్ --డీటెయిల్ --స్కాన్ ఫలితాన్ని కాన్ఫిగ్ ఫైల్లో చేర్చి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ కొట్టండి. ఇది మరిస్తే రీబూట్ తర్వాత ఎండీ0 కాస్తా ఎండీ127 అవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే స్ట్రైప్ లెక్కలు ఎండీ నుంచి అదే తీసుకుంటుంది, చేత్తో ఇవ్వనక్కర్లేదు.

ఇక షెల్ఫ్ నిదానంగా లేవడం గురించి. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్, షెల్ఫ్ రెండూ ఒకేసారి లేస్తాయి. సర్వర్ కెర్నల్ దాకా వచ్చేసరికి తొమ్మిది డిస్కులే తిరుగుతున్నాయనుకోండి. ఎండీఏడీఎమ్‌కు మిగతావాటి కోసం 30 సెకన్లాగే టైమర్ ఒకటుంది, లాస్ట్-రిసార్ట్ అని దాని పేరు. గడువు తీరగానే, 11 డిస్కుల రెయిడ్ 6కు తొమ్మిది చాలు కాబట్టి, ఉన్నవాటితోనే మొదలుపెట్టేస్తుంది. ఐదు సెకన్ల తర్వాత వచ్చిన రెండు డిస్కులూ బయట నిలబడతాయి. పొద్దున చూస్తే రెండు డిస్కులు పోయాయని ఈమెయిల్. ఏమీ పోలేదు. రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఎక్కడ రాసిందో గుర్తుంచుకునే పట్టిక) ఉంటే --రీ-యాడ్‌తో కొద్ది నిమిషాల్లో కలిసిపోతాయి, పెద్ద ఎర్రేలకు ఆ బిట్‌మ్యాప్ మామూలుగానే పడుతుంది. అసలు మందు బయోస్‌లో ఉంది. కరెంటు వచ్చాక లేచే ఆలస్యాన్ని రెండు మూడు నిమిషాలకు పెంచండి. ఆ అంశం లేని సర్వర్‌నైతే దానంతటది లేవకుండా ఆపేసి, చేత్తో లేపడం మేలు.

ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల పట్టికలో) ఈ ఫైల్‌సిస్టమ్‌కు యూయూఐడీతో పాటు నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=5మిన్ చేర్చండి. లేకపోతే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ షెల్‌లో పడేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఉండదు. నోఫెయిల్ పెట్టినప్పుడు ఒక జాగ్రత్త: షెల్ఫ్ రాకపోయినా సిస్టమ్ లేస్తుంది, బ్యాకప్ ప్రోగ్రామ్ ఖాళీ మౌంట్ డైరెక్టరీలోకి రాసి లోపలి డిస్కు నింపేస్తుంది. మౌంట్ చేయకముందే ఆ ఖాళీ డైరెక్టరీకి చాటర్ +ఐ పెట్టి మార్చకుండా బిగించండి. అప్పుడు రాయబోతే ఎర్రర్ వస్తుంది, డిస్కు నిండదు.

చివరగా, ఏ పేరు ఏ ట్రేలో ఉందో డిస్కు పోకముందే పట్టిక రాసుకోండి. లెడ్‌సీటీఎల్ లొకేట్=/డెవ్/ఎస్‌డీఎఫ్ అంటే ఆ ట్రే దీపం మినుకుమంటుంది. అది పలకని షెల్ఫ్‌లో ఎస్‌జీ_సెస్‌కు స్లాట్ నంబరిచ్చి --సెట్=ఐడెంట్. స్లాట్ నంబర్లు సాఫ్ట్‌వేర్‌లో 0 నుంచి, కొన్ని షెల్ఫ్‌ల ముఖం మీద 1 నుంచి మొదలవుతాయి. ఈ ఒక్క అంకె తేడాతో చచ్చిన డిస్కు బదులు పక్కనున్న మంచి డిస్కు లాగేస్తారు. దీపాలే పనిచేయకపోతే డీడీతో ఆ డిస్కును ఊరికే చదివించండి, మిగతావి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎడతెగకుండా మెరిసేది అదే. పూర్తిగా పోయిన డిస్కుకు ఈ ఉపాయం పనికిరాదు కాబట్టి ట్రే ముఖం మీద సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు అంటించి పెట్టుకోండి.